అమెరికా చరిత్ర ఫైనల్: పుస్తకమా, వీడియోలా, కార్డులా, పాత పేపర్లా?

పోయినేడాది మా అమ్మాయి పదకొండో తరగతి. ఇక్కడ న్యూజెర్సీలో చాలా హైస్కూళ్లు అమెరికా చరిత్రని రెండేళ్లకి పంచి యూఎస్ హిస్టరీ వన్, టూ అంటాయి. టూ అంటే ఆధునిక కాలం. రైలు కంపెనీలు, రాక్‌ఫెల్లర్ల రోజుల్లో మొదలై 2001 సెప్టెంబరు 11 దాటి వస్తుంది. జూన్‌లో ఫైనల్. నెల ముందు నేను నడుం కట్టాను.

నాది ఒంగోలులో పదో తరగతి సోషల్ చదివిన బుర్ర. చరిత్ర అంటే తేదీలు, తేదీలంటే బట్టీ. రెండు షీట్ల నిండా తేదీలు రాయించి ఫ్రిజ్‌కి అంటించాను. అన్నం కలుపుకుంటూ "పెర్ల్ హార్బర్?" అంటే "1941 డిసెంబరు 7" అని టక్కున వచ్చేది. "వాల్ స్ట్రీట్ కుప్పకూలింది?" "1929 అక్టోబరు." నాకు ఛాతీ ఉప్పొంగేది. పది రోజుల తర్వాత క్లాసులో ప్రాక్టీస్ టెస్ట్ పెట్టారు. నూటికి 64.

పేపర్ తెప్పించి చూశాను. అందులో "ఎప్పుడు" అన్న ప్రశ్న ఒక్కటీ లేదు. ఒక చోట ఏదో ప్రభుత్వ ఉత్తర్వులోంచి నాలుగు లైన్లు ఇచ్చారు. యుద్ధ మంత్రి ఫలానా ప్రాంతాలను సైనిక మండలాలుగా ప్రకటించవచ్చు, అక్కడి నుంచి ఎవరినైనా బయటికి పంపవచ్చు అని దాని సారం. ఈ ఉత్తర్వు ఎవరి మీద పడింది, రాజ్యాంగంలో ఏ హక్కుతో తగువు వచ్చింది అని ప్రశ్న. అది 1942 ఫిబ్రవరిలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన 9066 నంబరు ఉత్తర్వు. దాని వల్ల దాదాపు 1,20,000 మంది జపాన్ మూలాలవాళ్లు ఇళ్లూ వాకిళ్లూ వదిలి క్యాంపుల పాలయ్యారు. వాళ్లలో ఎక్కువమంది అమెరికా పౌరులే. తమాషా ఏంటంటే ఆ ఉత్తర్వులో "జపాన్" అన్న మాటే ఉండదు. మా అమ్మాయికి 9066 తెలుసు, 1942 తెలుసు. ఆ నాలుగు లైన్లు చూసి మాత్రం పోల్చుకోలేకపోయింది. నేను చదివించిన పద్ధతిలో పోల్చుకునే దారే లేదు.

అప్పటి నుంచి మూడు వారాల్లో మేం చేసిన ప్రయోగాలే ఈ పోలిక. మీ ఇంట్లోనూ పదకొండో తరగతి ఉంటే ఏది పట్టుకోవాలో, ఏది వదిలేయాలో చెబుతాను.

ముందు పేపర్ ఏ తరహాదో కనుక్కోండి

పద్ధతి ఎంచుకునే ముందు ఈ పని కాకపోతే మిగతాదంతా వృథా. అమెరికాలో రాష్ట్రానికో తీరు. న్యూయార్క్‌లో రాష్ట్రమే రీజెంట్స్ పరీక్ష పెడుతుంది. అందులో 28 బిట్లు, డాక్యుమెంట్ల జతల మీద రెండు చిన్న వ్యాసాలు, చివర ఆరు డాక్యుమెంట్లు చదివి రాసే పెద్ద వ్యాసం ఉంటాయి. టెక్సస్‌లో స్టార్ పరీక్ష, 1877 తర్వాతి చరిత్ర. మా న్యూజెర్సీలో స్కూల్ ఫైనల్ టీచర్ సొంతంగా తయారుచేసేదే. ఏపీ, అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే కాలేజీ స్థాయి కోర్సు, తీసుకున్న పిల్లలకి మేలో జరిగే ఏపీ పరీక్ష వేరే లోకం. 55 నిమిషాల్లో 55 బిట్లు, మూడు చిన్న జవాబులు, ఏడు డాక్యుమెంట్లతో ఒక వ్యాసం, అవేమీ లేకుండా ఇంకో వ్యాసం.

అన్నింట్లోనూ ఉమ్మడిగా ఉన్నది ఒకటే. ముందు ఒక ముక్క చూపిస్తారు, అంటే ఉపన్యాసంలో భాగమో, కార్టూనో, గ్రాఫో. తర్వాత దాని గురించి అడుగుతారు. మీ పిల్లల టీచర్ మాత్రం మన కాలం తరహాలో ఖాళీలు పూరించమని ఇస్తే నా ఫ్రిజ్ షీట్లే మీకు మేలు. అలాంటి టీచర్లూ ఉన్నారు. అందుకే మొహమాటపడకుండా పిల్లల చేత టీచర్‌ని అడిగించండి. బిట్లెన్ని, వ్యాసం ఉందా, డాక్యుమెంట్లు ఇస్తారా అని. ఇక్కడ అడిగితే చెబుతారు.

పాఠ్యపుస్తకం, రివ్యూ బుక్

పాఠ్యపుస్తకం దిండంత ఉంటుంది. పిల్లలు చేసే పని, హైలైటర్ పట్టుకుని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టడం. మా అమ్మాయి పుస్తకంలో న్యూ డీల్ (1930ల మాంద్యంలో రూజ్‌వెల్ట్ తెచ్చిన పథకాలు) పాఠం తీస్తే పేజీ మొత్తం పండగ పూట పసుపు రాసిన గడపలా ఉంది. అన్నీ ముఖ్యమే అయినప్పుడు ఏదీ ముఖ్యం కాదు కదా. రెండోసారి చదువుతుంటే అన్నీ తెలిసినట్టే అనిపిస్తుంది. అదే దాంతో వచ్చే ప్రమాదం. కంటికి అలవాటైన వాక్యం బుర్రకి ఎక్కినట్టు కాదు.

పాఠ్యపుస్తకాన్ని పూర్తిగా పక్కన పెట్టమనను. జ్వరం వచ్చో, ఊరెళ్లో క్లాసు పోయిన పాఠాలకి అదే దిక్కు. మిగతావాటికి సన్నపాటి రివ్యూ బుక్ చాలు. ఒక్కో కాలాన్ని పదీ పదిహేను పేజీల్లో చెప్పి వెనక ప్రశ్నలు ఇస్తాయి. లైబ్రరీలో ఊరికే దొరుకుతాయి, కొననక్కర్లేదు. పరీక్ష తరహా మారిన తర్వాత వచ్చిన ముద్రణేనా అని మాత్రం చూసుకోండి.

వీడియోలు, ఇంకా మా అమ్మ గోధుమల కథ

వీడియోలంటే పిల్లలకి ప్రాణం. ఖాన్ అకాడమీలో యూఎస్ హిస్టరీ మొత్తం ఉంది, ఉచితం. యూట్యూబ్‌లో కొల్లలు. మొదటిసారి అర్థం చేసుకోవడానికి వీటిని మించింది లేదని ఒప్పుకుంటాను. కమ్యూనిజాన్ని అడ్డుకుంటామన్న ట్రూమన్ సిద్ధాంతం 1947లో, యూరప్‌కి డబ్బుసాయం చేసే మార్షల్ ప్లాన్ 1948లో, నాటో సైనిక కూటమి 1949లో ఒకదాని వెనక ఒకటి ఎందుకొచ్చాయో పుస్తకంలో మూడుసార్లు చదివినా అర్థం కానిది పన్నెండు నిమిషాల వీడియోలో యూరప్ మ్యాపు చూస్తే తెలిసిపోయింది.

కానీ వీడియో చూడటం, తిన్నట్టు కల కనడం ఒక్కటే. లేచాక ఆకలి అలాగే ఉంటుంది. దీనికి మేం కనిపెట్టిన మందు, చూసినదాన్ని వెంటనే ఆపేసి ఎవరికైనా చెప్పడం. ఆ "ఎవరికైనా" మా ఇంట్లో మా అమ్మ అయింది. ఆరు నెలలకని వచ్చి ఉంది, పొద్దుపోక పిల్ల దొరికితే చాలునన్నట్టు కూర్చునేది.

ఒక సాయంత్రం మా అమ్మాయి వచ్చీ రాని తెలుగులో కోల్డ్ వార్ చెబుతోంది. ఐసెన్‌హోవర్ 1954లో ఒక చట్టం చేశాడు నానమ్మా, పబ్లిక్ లా 480, అమెరికాలో మిగిలిపోయిన తిండిగింజలు వేరే దేశాలకి పంపేవాళ్లు అంది. మా అమ్మ మొహం వెలిగిపోయింది. "పీఎల్ గోధుమలా? అవి మేం తిన్నాం గదే! రేషన్ షాపులో ఇచ్చేవాళ్లు. ఏం బాగుండేవి కావు." ఆ వెంటనే ఒక ప్రశ్న వేసింది: "అది సరే, వాళ్లు మనకెందుకిచ్చారే? ఊరికే ఎవరిస్తారు?"

మా అమ్మాయి నోరు తెరిచి మూసింది. చరిత్ర టీచర్ ఏడాదంతా అడిగించాలనుకున్న ప్రశ్న అదే. ఇద్దరం కూర్చుని వెతికాం. మిగులు పంట రేటు పడిపోకుండా అమెరికా రైతుని కాపాడటం ఒకటి. మన దగ్గర రూపాయల్లో డబ్బు తీసుకోవడం ఒకటి. పేద దేశాలు కమ్యూనిస్టుల వైపు వాలకుండా చూసుకోవడం ఇంకొకటి. 1965, 66లో మన దగ్గర కరువొస్తే అప్పటి అధ్యక్షుడు జాన్సన్ గోధుమల్ని నెలనెలా లెక్కపెట్టి వదిలాడు. వియత్నాం యుద్ధాన్ని ఇండియా తప్పుపట్టడం ఆయనకి గిట్టలేదు. ఒక పత్రం కనపడితే దాని ఉద్దేశం ఏంటి, ఎవరికోసం రాశారు అని అడగడం మా పిల్లకి ఆ గోధుమలతో అబ్బింది. పరీక్షలో ఆ చట్టం రాలేదు. అడిగే అలవాటు మాత్రం ప్రతి డాక్యుమెంటుకీ పనికొచ్చింది.

కాబట్టి వీడియోనా, పుస్తకమా అంటే, వినే మనిషి ఇంట్లో ఉంటే వీడియో. లేకపోతే చూసిన వెంటనే ఖాళీ కాగితం మీద ఐదు వాక్యాలు రాయించండి. అదీ చేయనంటే వీడియోల గంటలు చదువు గంటల్లో లెక్కేయకండి.

కార్డులు

క్విజ్‌లెట్ యాప్‌లో అయినా, అట్టముక్కల మీద అయినా, కార్డుల పని పేర్లు నిలుపుకోవడం. న్యూ డీల్ దగ్గర ఇవి లేకుండా గట్టెక్కడం కష్టం. సీసీసీ, టీవీఏ, ఏఏఏ, డబ్ల్యూపీఏ, ఎఫ్‌డీఐసీ... మన ఎమ్మార్వో, ఎంపీడీవో, ఈవోఆర్డీ లాగా తెలిసినవాళ్లకి తప్ప ఎవరికీ అర్థం కాని అక్షరాలు. రాజ్యాంగ సవరణలూ అంతే. 16 అంటే ఆదాయపు పన్ను, 17 అంటే సెనేటర్లని జనమే ఎన్నుకోవడం, 18 మద్యనిషేధం, 19 ఆడవాళ్లకి ఓటు. ఇవన్నీ 1913 నుంచి 1920 లోపే వచ్చాయి. 1933లో 21వ సవరణ వచ్చి నిషేధాన్ని ఎత్తేసింది.

ఇతరులు చేసిపెట్టిన కార్డుల సెట్లు ఇంటర్నెట్‌లో బోలెడు. దించుకోవద్దు. తప్పులుంటాయి, అంతకంటే ముఖ్యం, తయారుచేయడంలోనే సగం చదువు అయిపోతుంది. మేం చేసిన మార్పు ఒకటుంది. కార్డు వెనక తేదీ ఒక మూలకి నెట్టేసి, "దేనివల్ల", "తర్వాత ఏమైంది" అని రెండు లైన్లు రాయడం. ఎఫ్‌డీఐసీ వెనక ఇలా ఉంది: "బ్యాంకులు మునిగి జనం డబ్బు పోయింది, బ్యాంకు మునిగినా డిపాజిట్ పోదని ప్రభుత్వం హామీ, ఇప్పటికీ ఉంది." ఇప్పటికీ ఉంది అన్న మాట కోసం మా వీధి చివరి బ్యాంకు తలుపు మీది స్టిక్కర్ చూపించాను.

పాత పేపర్లు

ఒక్కటే ఎంచుకోమంటే నేను ఇదే ఎంచుకుంటాను. మా రాష్ట్రంలో పాత ఫైనల్ పేపర్లు బయటికి ఇవ్వరు. పక్క రాష్ట్రం న్యూయార్క్ మాత్రం తన రీజెంట్స్ పాత పేపర్లని, వాటి జవాబులతో సహా, విద్యాశాఖ వెబ్‌సైట్‌లో పెడుతుంది. పైసా ఖర్చు లేదు. ఈ సంగతి చాలామంది తెలుగు తల్లిదండ్రులకి తెలియదు, ట్యూషన్లకి గంటకి బోలెడు పోస్తుంటారు.

అక్కడ రెండు తరహాలు కనిపిస్తాయి. 50 బిట్లున్నవి పాత తరహా, 28 బిట్లున్నవి కొత్త తరహా. విషయం తెలుసో లేదో చూసుకోవడానికి పాతవి, డాక్యుమెంట్ చదవడం అలవాటవ్వడానికి కొత్తవి. రీజెంట్స్‌లో రాజ్యాంగం రాసిన రోజుల నుంచీ ప్రశ్నలుంటాయి కాబట్టి మీ పిల్లల సిలబస్‌లో లేనివి కొట్టేయండి.

పేపర్ చేసి మార్కులు లెక్కపెట్టి ఊరుకుంటే ఏం లాభం లేదు. తప్పైన ప్రతి ప్రశ్నకీ తప్పెందుకయిందో మా అమ్మాయి ఒక నోట్‌బుక్‌లో రాసేది. విషయం తెలియకా, డాక్యుమెంటు అర్థం కాకా, ప్రశ్న సరిగ్గా చదవకా. మొదటి పేపర్లో పదకొండు తప్పులు. అందులో విషయం తెలియక పోయినవి మూడే! "కాదు" అన్న మాట చూడక, రెండు డాక్యుమెంట్లలో రెండోది చదవక పోయినవే ఎక్కువ. అది చూశాకే నేను ఫ్రిజ్ మీది షీట్లు పీకేశాను. తెలిసినదాన్ని మళ్లీ మళ్లీ చదివించి, అసలు రోగాన్ని వదిలేస్తున్నానని అర్థమైంది.

ఏ వరసలో చదవాలి: అధ్యక్షుల వరసా, కాలం వరసా, అంశం వరసా

దీని గురించి ఎవరూ మాట్లాడరు గానీ, ఏ పుస్తకం ఎంచుకున్నారన్నదానికంటే ఇదే ఎక్కువ తేడా తెస్తుంది. మన బుర్రకి రాజవంశాల అలవాటు. శాతవాహనులు, కాకతీయులు, రెడ్డిరాజులు అన్నట్టు ట్రూమన్, ఐసెన్‌హోవర్, కెన్నెడీ అని అరలు కట్టుకుంటాం. బిట్లకి కొంత నయం. వ్యాసం దగ్గర ఈ అరలు బెడిసికొడతాయి. వియత్నాం ఒక్కటే నలుగురైదుగురు అధ్యక్షుల అరల్లో ముక్కలుగా పడి ఉంటుంది. ఆ ముక్కలన్నీ కలపమని పరీక్షలో అడుగుతారు.

మా అమ్మాయి దాన్ని ఒకే పొడుగాటి కాగితం మీద బాణాలు గీసి కలిపింది. 1964 ఆగస్టులో టోంకిన్ తీర్మానం. ప్రతినిధుల సభలో 416 మంది అవునన్నారు, ఒక్కరూ కాదనలేదు. సెనేట్‌లో కాదన్నది ఇద్దరే. యుద్ధం ప్రకటించకుండానే యుద్ధం చేసే అధికారం జాన్సన్ చేతికొచ్చింది. 1965 మార్చిలో దా నాంగ్ దగ్గర మెరీన్లు దిగారు. 1968కల్లా అక్కడ సైనికుల సంఖ్య 5 లక్షలు దాటింది. ఆ ఏడాది మొదట్లో టెట్ దాడి, అంటే కమ్యూనిస్టు సేనలు దక్షిణ వియత్నాం నగరాల మీద ఒక్కసారిగా విరుచుకుపడటం. గెలుస్తున్నాం అని చెబుతూ వచ్చిన మాట మీద జనానికి నమ్మకం పోయింది. మార్చి 31న జాన్సన్ మళ్లీ పోటీ చేయనన్నాడు. నిక్సన్ వచ్చాడు, 1970లో యుద్ధం కంబోడియాకి పాకింది, కెంట్ స్టేట్ యూనివర్సిటీలో నేషనల్ గార్డు కాల్పుల్లో నలుగురు విద్యార్థులు చనిపోయారు. 1971లో 26వ సవరణ. పద్దెనిమిదేళ్లకే తుపాకీ ఇచ్చి పంపుతున్నప్పుడు ఓటెందుకివ్వరు అన్న వాదన గెలిచింది. 1973లో నిక్సన్ వీటో చేసినా కాంగ్రెస్ వార్ పవర్స్ చట్టం తెచ్చింది. సైన్యాన్ని పంపితే 48 గంటల్లో మాకు చెప్పాలి, మేం ఒప్పుకోకపోతే 60 రోజుల్లో వెనక్కి తేవాలి అని. 1964లో చేత్తో ఇచ్చిన అధికారాన్ని తొమ్మిదేళ్లకి గుంజుకునే ప్రయత్నమన్న మాట.

ఈ కాగితంతో అధ్యక్షుడికీ కాంగ్రెస్‌కీ మధ్య లాగులాట, యుద్ధంపై నిరసనలు, ఓటుహక్కు, మూడింటిలో దేని మీద అడిగినా రాయొచ్చు. అంశం వరస బలం అదే. కాలం వరస ముందు ఒకసారి కావాలి, లేకపోతే బాణాలు ఎక్కడ గీయాలో తెలియదు. ముందు కాలం, తర్వాత అంశం. అధ్యక్షుల వరసని బిట్ల ముందురోజుకి దాచుకోండి.

మన పిల్లలు ఎంచుకోవడానికి సులువైన అంశం ఇంకొకటుంది: వలస చట్టాలు. 1882లో చైనావాళ్లని ఆపారు. 1917లో ఆసియాలో చాలా భాగానికి గీత గీసి తలుపేశారు. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో ఇండియావాళ్లు పౌరసత్వానికి పనికిరారని సుప్రీంకోర్టు తేల్చింది. మన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్‌లో ఓడ దిగింది ఆ రోజుల్లోనే. 1924లో దేశాలవారీ కోటాలు బిగించారు. 1946లో ఇండియాకి ఏడాదికి 100 మంది కోటా, పౌరసత్వం పొందే హక్కు. 1965లో హార్ట్-సెల్లర్ చట్టం దేశాలవారీ కోటాలు తీసేసింది. అదే ఏడాది నల్లజాతివాళ్ల ఓటుని కాపాడే ఓటుహక్కు చట్టమూ వచ్చింది, ఈ రెండింటికీ వెనక ఉన్న గాలి ఒకటే, పౌరహక్కుల ఉద్యమం. 1990 చట్టంతో హెచ్-1బీ. మా న్యూజెర్సీ ఎడిసన్ ఊళ్లో ఆదివారం పొద్దున్న దోసెల కోసం లైన్లో నిలబడే మనం ఈ గొలుసు చివర ఉన్నాం. మా అమ్మాయి దీన్ని ఒక్కసారి విని మళ్లీ మర్చిపోలేదు.

ట్యూటర్, గ్రూపు, చాట్‌బాట్

చరిత్రకి ట్యూటర్ అవసరం చాలా తక్కువమందికి. వ్యాసం రాయడం రాకపోతే మాత్రం రెండు మూడు క్లాసులు పెట్టించండి, విషయం చెప్పడానికి కాదు, రాసింది దిద్దడానికి. ఆ పని స్కూల్లో టీచర్ ఆఫీస్ అవర్స్‌లో ఊరికే చేసిపెడతారు, ముందు అది అడగండి. గ్రూపు స్టడీ ముగ్గురు దాటితే పిజ్జా పార్టీ.

చాట్‌బాట్‌తో ప్రశ్నలు వేయించుకోవచ్చు, వ్యాసం చూపించి లోపాలు చెప్పమనొచ్చు. ఉపన్యాసాల్లోని వాక్యాలు మాత్రం దాని నోట విని వ్యాసంలో పెట్టకూడదు. లేని మాటలు కూడా ఎంతో ధీమాగా చెబుతుంది.

రోజులెన్ని మిగిలాయి

మూడు వారాలుంటే మొదటి వారం రివ్యూ బుక్, వీడియోలతో కాలం వరస పూర్తి చేయండి. రెండో వారం నాలుగైదు అంశాలకి బాణాల కాగితాలు. నా లెక్కలో పౌరహక్కులు, కోల్డ్ వార్, ఆర్థిక వ్యవస్థలో ప్రభుత్వం పాత్ర, వలసలు తప్పనిసరి. మూడో వారం అంతా పాత పేపర్లు, తప్పుల నోట్‌బుక్.

వారమే ఉంటే మొదటి రోజే ఒక పాత పేపర్ చేయించి, ఏ కాలంలో తప్పులు ఎక్కువో ఆ కాలమే చదివించండి. మొత్తం చదవాలని కూర్చుంటే ప్రతిసారీ రెండో ప్రపంచయుద్ధం దగ్గరే ఆగిపోతారు. 1970 తర్వాతి చరిత్రలో మార్కులు పోగొట్టుకునేవాళ్లు అందుకే ఎక్కువ.

ఒక్క రాత్రే ఉంటే కొత్త పాఠం జోలికి పోవద్దు. సవరణలు, కోర్టు కేసుల కార్డులు ఒకసారి తిప్పి పదకొండు లోపు పడుకోమనండి. వ్యాసంలో ఏడాది గుర్తురాకపోతే "1960ల మధ్యలో" అని రాసి ముందుకు పోవచ్చని చెప్పండి. తప్పు ఏడాది రాయడం కంటే అది నయం. మా అమ్మాయి బ్రౌన్ కేసు (బడుల్లో నల్ల, తెల్ల పిల్లల్ని వేరుచేయడం చెల్లదన్న సుప్రీంకోర్టు తీర్పు) దగ్గర అదే చేసింది, "1950ల మధ్యలో" అని. వ్యాసానికి మార్కులేం తగ్గలేదు. ఆ తేదీ ఫ్రిజ్ మీద నా షీట్‌లో ఎర్రసిరాతో రెండుసార్లు గీత గీసి ఉండేది.